మటన్‌కీ గోమారికీ ఏమిటి సంబంధం?

పోయినేడు జూలైలో ఒక శనివారం అర్ధరాత్రి దాటాక మా మావయ్యగారు మా గది తలుపు తట్టారు. "అమ్మాయ్, ఒళ్లంతా దద్దుర్లు లేచినయ్. అరిచేతులు, అరికాళ్లు మండిపోతున్నయ్" అన్నారు. లైటు వేసి చూస్తే వీపంతా అట్లు పోసినట్టు ఎర్రగా పొంగి ఉంది. ఇండియా నుంచి తెచ్చుకున్న సెట్రిజిన్ మాత్ర ఒకటి ఇచ్చి, మజ్జిగ తాగించి, తెల్లవార్లూ కనిపెట్టుకుని కూర్చున్నాం.

మర్నాడు పొద్దున అర్జెంట్ కేర్‌కి తీసుకెళ్తే, రాత్రి ఏం తిన్నారని అడిగారు. ఎనిమిదింటికి మటన్ కూర, అన్నం. మధ్యాహ్నం రొయ్యల వేపుడు. "అయితే రొయ్యలే" అని తేల్చేశారు. డెబ్బై ఏళ్లుగా రొయ్యలు తింటున్న మనిషికి ఇప్పుడు పడకపోవడమేమిటి అని నాకు అనుమానమే. అయినా ఆ రోజు నుంచి ఇంట్లో రొయ్యలు మానేశాం.

మూడు వారాలు గడిచాయి. మనిషి కాస్త నీరసంగా కనిపిస్తున్నారని, బలం వస్తుందని, మేకకాళ్లు తెప్పించి పాయా చేశాను. నా చేత్తో నేనే చేశాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. రాత్రి ఏడున్నరకి ఇష్టంగా రెండు గిన్నెలు తాగారు. పదకొండున్నరకి బాత్రూములో దబ్బుమని చప్పుడు. మేం వెళ్లేసరికి నేలమీద పడి ఉన్నారు, పెదాలు వాచిపోయాయి, మాట పెగలడం లేదు. 911కి ఫోన్ చేశాం. అంబులెన్సు వాళ్లు ఇంట్లోనే తొడకి ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. బి.పి. బాగా పడిపోయిందట. ఇంకో పావుగంట ఆలస్యమైతే ఏమయ్యేదో మావారు ఆ తర్వాత ఎప్పుడూ మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

ఎమర్జెన్సీ గదిలో డాక్టర్లు "గంట గంటన్నర లోపల ఏం తిన్నారు?" అని అడుగుతున్నారు. ఏమీ తినలేదు. పక్కన సెలైన్ సరిచేస్తున్న ఒక పెద్దావిడ, ఇక్కడే పుట్టి పెరిగిన నర్సు, మెల్లిగా అడిగింది: "ఈమధ్య ఆయన్ని టిక్ ఏమైనా కరిచిందా? మా తమ్ముడికి ఇలాగే అయింది. బీఫ్ తింటే నాలుగు గంటలకి."

కరిచింది. మే నెలాఖరులో. నడుము దగ్గర.

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. మావయ్యగారు రోజూ పొద్దున్నే గ్రీన్‌వే మీద నడకకి వెళ్తారు. సిమెంటు దారి ఆయనకి నచ్చదు. మా సబ్‌డివిజన్ వెనక చెట్లలోంచి, మోకాలెత్తు గడ్డిలోంచి అడ్డదారి కనిపెట్టారు. ఒకరోజు స్నానానికి వెళ్లి, పంచె బిగించుకుని బయటికొచ్చి, "ఇదేందమ్మా, గోమారి పట్టింది నన్ను. మన గేదెలకి పట్టేదే. అమెరికాలో గూడా ఉందన్నమాట" అని నవ్వారు. సున్నం ఉందా అని అడిగారు. బెంటన్‌విల్‌లో సున్నం ఎక్కడ తేను? అగరొత్తి వెలిగించి దాని వెనక అంటించారు. అది ఎంతకీ ఊడలేదు, చివరికి గోటితో గిల్లి పారేశారు. అలా కాల్చడం, గిల్లడం చేయకూడని పనులని నాకు అప్పుడు తెలియదు. కరిచిన చోట నెల రోజులు దురద పెడుతూనే ఉంది.

అలర్జీ డాక్టరు రక్తపరీక్ష రాసిచ్చారు. వారం తర్వాత ఫలితం వచ్చింది: ఆల్ఫా-గాల్ సిండ్రోమ్. గోమారి కాటు వల్ల మాంసం పడకపోవడం. మా ఇంట్లో ఎవరూ ఒక పట్టాన నమ్మలేదు. మా అత్తగారైతే ఫోన్‌లో, "గోమారి కుడితే మటన్ మానెయ్యాలా? ఏ డాక్టరమ్మా చెప్పింది?" అని మూడుసార్లు అడిగారు.

నేను చదివింది బీఎస్సీ, జువాలజీ. పెళ్లయి ఇక్కడికి వచ్చాక పిల్లాడి సైన్సు ప్రాజెక్టులకి తప్ప దాని అవసరం రాలేదు. ఈ పేరు విన్నాక మాత్రం నిద్ర పట్టలేదు. మా డిగ్రీలో సెట్సీ ఈగ గురించి ఒక పాఠం ఉండేది. ఆఫ్రికాలో సహారా ఎడారికి దిగువన మాత్రమే ఉండే ఈగ. మనుషులకి అతినిద్ర వ్యాధి తెచ్చే ట్రిపనోసోమాని మోసుకు తిరుగుతుంది. పశువులకొస్తే ఆ జబ్బుని నగానా అంటారు. ఆఫ్రికా పటం గీసి, ఈగ ఉండే మేర పెన్సిలుతో రుద్ది మార్కులు తెచ్చుకున్నాం. ఈగ ఉన్నచోట ఆవులు బతకడం కష్టం, ఆవు లేనిచోట నాగలి లేదు, పాలు లేవు, ఎరువు లేదు అని మా మేడమ్ చెప్పిన మాట మాత్రం అప్పుడు పరీక్షలో రాసి మర్చిపోయాను. ఒక చిన్న పురుగు ఎక్కడ బతకగలదో ఆ పటాన్ని బట్టి అక్కడి మనుషుల కంచంలో ఏముంటుందో తేలుతుందని ఆవిడ ఉద్దేశం. ఇప్పుడు అలాంటి పటం మా డైనింగ్ టేబుల్ మీదికే వచ్చింది.

మావయ్యగారిని పట్టినదాని పేరు లోన్ స్టార్ టిక్, శాస్త్రీయంగా ఆంబ్లియొమ్మా అమెరికానమ్. మనం గోమారి అన్నా, పిడుదు అన్నా ఆ జాతిదే. ఇది కీటకం కాదు, ఎనిమిది కాళ్లున్న సాలీడు కుటుంబం. ఆడదాని వీపు మీద ఒకే ఒక తెల్లచుక్క ఉంటుంది, ఆ చుక్కకే ఈ పేరు. టెక్సస్ రాష్ట్రాన్ని కూడా లోన్ స్టార్ అంటారు కాబట్టి అక్కడి పురుగనుకుంటారు చాలామంది. టెక్సస్ తూర్పు భాగంలో ఉన్నమాట నిజమే గానీ పేరు అందుకు రాలేదు.

ఇది ఎక్కడుంటుందో చూస్తే దీని స్వభావమంతా తెలుస్తుంది. జీవితంలో మూడుసార్లు మాత్రమే రక్తం తాగుతుంది: ఆరు కాళ్ల పిల్లగా ఒకసారి, ఎనిమిది కాళ్ల నింఫ్‌గా ఒకసారి, పెద్దదయ్యాక ఒకసారి. మిగతా కాలమంతా రాలిన ఆకుల కింద తడిలో దాక్కుంటుంది. ఎండిపోతే చస్తుంది. అందుకే పడమటి పొడి మైదానాలు దానికి గోడలాంటివి. మధ్య టెక్సస్, ఓక్లహోమా, తూర్పు కాన్సస్ దగ్గర దాని రాజ్యం ఆగిపోతుంది. అక్కడి నుంచి తూర్పుకి అట్లాంటిక్ సముద్రం దాకా, ఉత్తరాన అయొవా, న్యూయార్క్, మెయిన్ వైపు దాకా ఉంది. ఓజార్క్ కొండల్లోని ఓక్, హికరీ అడవులు దానికి పుట్టిల్లు. ఆకులు దండిగా రాలతాయి, వేసవి తేమగా ఉంటుంది, జింకలకి కొదవలేదు. బెంటన్‌విల్ ఊరు ఆ ఓజార్క్ పీఠభూమి మీదే ఉంది. కోలర్ వైపు సైకిలు దారుల పక్కన, క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం చుట్టూ ఉన్న చెట్లలో, బెల్లా విస్టా ఇళ్ల ముంగిట మేసే జింకల మీద, అంతటా దానికి అనుకూలమే.

జింకల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, పటం మారడానికి అసలు కారణం అవే. లిన్నేయస్ శిష్యుడు పేర్ కాల్మ్ అనే స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త ఇక్కడ తిరిగి వెళ్లి, అమెరికా అడవుల్లో పిడుదుల బాధ పడలేకపోయామని 1754లో రాశాడు. 1872కి వచ్చేసరికి ఏసా ఫిచ్ అనే ఆయన, న్యూయార్క్ ప్రాంతంలో అవి దాదాపు కనపడకుండా పోయాయని రాశాడు. ఆ మధ్య వందేళ్లలో అడవులు నరికి పొలాలు చేశారు, జింకల్ని వేటాడి ఖాళీ చేశారు. మా ఆర్కన్సాలోనే 1930 ప్రాంతానికి రాష్ట్రం మొత్తం మీద 500 జింకలు కూడా మిగల్లేదని అంచనా. తర్వాత వేట నియమాలు వచ్చాయి, బీడుపడ్డ పొలాల్లో చెట్లు తిరిగి మొలిచాయి, వేరేచోట్ల నుంచి జింకల్ని తెచ్చి వదిలారు. ఇప్పుడవి లక్షల్లో ఉన్నాయి. జింక వెంట పిడుదు తిరిగొచ్చింది. కాబట్టి ఇది కొత్తగా దండెత్తి వచ్చింది కాదు, పోగొట్టుకున్న పాత ఊళ్లని మళ్లీ ఆక్రమించుకుంటోంది. చలికాలాలు మెత్తబడటం దానికి కలిసొచ్చింది.

మా పెరట్లో గోంగూర, బెండ వేస్తే తెల్లవారేసరికి జింకలు కొసలు కొరికేసి పోతాయి. "పోన్లే, నోరులేని జీవాలు" అనుకునేదాన్ని. అవి వచ్చిన ప్రతిసారీ ఒంటి మీది పిడుదుల్ని దులిపి పోతున్నాయని ఇప్పుడు తెలిసింది. రక్తం తాగి ఉబ్బిన ఆడది నేలమీద పడి వేల గుడ్లు పెడుతుంది. ఆగస్టు వచ్చేసరికి ఆ గుడ్లు పిల్లలై, ఆవగింజలో సగం కూడా లేని పిల్లలు, ఒకే గడ్డిపోచ మీద వందలకొద్దీ గుంపుగా ఉంటాయి. వీటిని ఇక్కడివాళ్లు సీడ్ టిక్స్ అంటారు. కాలు ఆ గడ్డికి తగిలితే ఒక్కసారిగా చీలమండ అంతా పాకుతాయి. చిగ్గర్లనే వేరే పురుగులు కుట్టాయనుకుని చాలామంది పట్టించుకోరు.

ఇక ఈ పురుగుకీ మాంసానికీ సంబంధం ఎలా బయటపడిందో వింటే ఆశ్చర్యమేస్తుంది. సెటుక్సిమాబ్ అనే కేన్సరు మందు అమెరికాలో 2004లో మార్కెట్లోకి వచ్చింది. కొన్నాళ్లకి ఒక వింత కనపడింది. దేశంలో చాలాచోట్ల ఆ మందు తీవ్రంగా పడనివాళ్లు నూటికి ముగ్గురు కూడా లేరు. టెన్నెసీ, నార్త్ కరొలైనాల్లో మాత్రం మొదటి డోసుకే నూటికి 22 మందికి తీవ్రమైన అలర్జీ వచ్చింది. మందు ఒకటే, జబ్బు ఒకటే, రాష్ట్రం మారితే ఫలితం మారుతోంది. 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పరిశోధనలో ఎక్కువగా టెన్నెసీ, ఆర్కన్సా, నార్త్ కరొలైనాల్లో ఈ మందు తీసుకున్న 76 మంది రక్తం పరీక్షించారు. మందు పడని 25 మందిలో 17 మందికి, మందు ఎక్కించకముందు తీసిన రక్తంలోనే దానికి వ్యతిరేకమైన ఐజీఈ ప్రతిరక్షకాలు ఉన్నాయి. మందు తీసుకోని మామూలు వాళ్లని చూస్తే టెన్నెసీలో 72 మందిలో 15 మందికి, బోస్టన్‌లో 341 మందిలో ఇద్దరికి మాత్రమే అవి కనిపించాయి.

ఆ ప్రతిరక్షకాలు పట్టుకుంటున్నది ఆల్ఫా-గాల్ అనే చక్కెరని. మందుని ఎలుక కణాల్లో తయారు చేస్తారు, ఆ కణాలు మందుకి ఈ చక్కెరని అతికిస్తాయి. ఆవు, మేక, గొర్రె, పంది, జింక లాంటి పాలిచ్చే జంతువులన్నిటి ఒంట్లో అది ఉంటుంది. మనుషులకి, వాలిడులకి, ఆఫ్రికా-ఆసియా కోతులకి మాత్రం ఉండదు. మన పూర్వికుల జన్యువు ఎప్పుడో పాడైపోయింది. కోడికి, చేపకి, రొయ్యకి కూడా లేదు. పాపం, మేం రొయ్యల మీద నింద వేసి మూడు వారాలు మానేశాం, మేకకాళ్లు మాత్రం వెతికి తెచ్చుకున్నాం!

మరి ఆ కొన్ని రాష్ట్రాల్లోనే ఎందుకు? వర్జీనియా విశ్వవిద్యాలయంలో థామస్ ప్లాట్స్-మిల్స్, స్కాట్ కామిన్స్ బృందం వెతికితే, ఈ అలర్జీ ఉన్న చోట్లూ రాకీ మౌంటెన్ మచ్చలజ్వరం వచ్చే చోట్లూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. ఆ జ్వరాన్ని తెచ్చేవి పిడుదులు. ప్లాట్స్-మిల్స్ గారికే 2007లో కొండల్లో నడిచినప్పుడు కాళ్లకి పిల్ల పిడుదులు పాకాయి. నెలల తర్వాత లండన్‌లో పొట్టేలు మాంసం తిన్న రాత్రి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. జబ్బుని కనిపెట్టిన డాక్టరే జబ్బు తెచ్చుకున్నాడు. 2011లో ఆ బృందం పిడుదు కాటుకీ ఈ అలర్జీకీ ఉన్న సంబంధం గురించి పరిశోధనా పత్రం వెలువరించింది. పిడుదు రక్తం తాగేటప్పుడు దాని ఉమ్మిలోంచి ఆల్ఫా-గాల్ మన చర్మంలోకి వెళ్తుంది. శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. కొన్ని వారాలకి మటన్ తింటే, అదే శత్రువు కడుపులోంచి వచ్చిందని విరుచుకుపడుతుంది.

వేరుశనగ పడనివాళ్లకి నిమిషాల్లో తెలుస్తుంది. ఇది అలా కాదు. ఈ చక్కెర మాంసం కొవ్వుతో కలిసి నెమ్మదిగా రక్తంలోకి చేరడం వల్ల అని చెబుతారు, రెండు నుంచి ఆరు గంటలు పడుతుంది. రాత్రి ఎనిమిదికి తిన్నది అర్ధరాత్రి దాటాక పైకి వస్తుంది. అందుకే తిన్నదానికీ వచ్చినదానికీ ఎవరూ ముడిపెట్టరు. పైగా తిన్న ప్రతిసారీ రాదు. కొందరికి దద్దుర్లే ఉండవు, ఒట్టి కడుపునొప్పి, విరేచనాలు మాత్రమే. మన ఇళ్లలో అయితే వేడి చేసిందనో, మసాలా ఎక్కువైందనో, నూనె మంచిది కాదనో సరిపెట్టేసుకుంటాం. డాక్టర్ల సంగతీ అంతంతే. సీడీసీ 2023లో ప్రకటించిన సర్వేలో 1,500 మంది వైద్య సిబ్బందిని అడిగితే 42 శాతం ఈ పేరే వినలేదన్నారు. మా అర్జెంట్ కేర్ మీద నాకున్న కోపం ఆ అంకె చదివాక కొంచెం తగ్గింది. పూర్తిగా కాదు.

అదే ఏడాది సీడీసీ వేసిన పటం ఒకటుంది. పురుగుల్ని పట్టి వేసిన పటం కాదది, మనుషుల రక్తంతో వేసింది. 2017 నుంచి 2022 దాకా పరీక్ష చేయించుకున్న 2,95,400 మందిలో 90,018 మందికి పాజిటివ్ వచ్చింది. వాళ్ల చిరునామాల జిల్లాలు రంగు వేసి చూస్తే, ఆర్కన్సా, మిజోరీ, కెంటకీలు, న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లోని సఫక్ కౌంటీ బాగా ముదురుగా కనిపిస్తాయి. 2010 నుంచి లెక్కేస్తే దేశంలో నాలుగున్నర లక్షల మంది దాకా దీని బారిన పడి ఉండొచ్చని వాళ్ల అంచనా.

ఆ పటం మీద మన ఊళ్లు వెతుక్కోండి. డాలస్ చుట్టుపక్కల, కాన్సస్ సిటీ, సెయింట్ లూయిస్, అట్లాంటా శివార్లు, కేరీ, యాష్‌బర్న్, ఎడిసన్, అన్నీ ఈ పిడుదు ఉండే మేరలోనే ఉన్నాయి. బే ఏరియాలో, సియాటిల్‌లో, ఫీనిక్స్‌లో ఇది లేదు. నాలాగే బే ఏరియా నుంచి ఉద్యోగం మారి ఇక్కడికి వచ్చినవాళ్లకి ఇది తెలియకపోవడం సహజం. న్యూజెర్సీ వాళ్లకి టిక్ అంటే లైమ్ జబ్బు గుర్తొస్తుంది. దాన్ని తెచ్చేది నల్లకాళ్ల పిడుదు, వేరే జాతి. అది గడ్డిపోచ కొసన కాళ్లు చాచి కూర్చుని ఎవరైనా తగిలేదాకా ఎదురుచూస్తుంది. లోన్ స్టార్‌కి అంత ఓపిక లేదు. మన ఊపిరి పసిగట్టి నడుచుకుంటూ మన దగ్గరికే వస్తుంది. మాంసం అలర్జీ ఒక్కటే కాదు, ఎర్లికియోసిస్ అనే జ్వరాన్ని కూడా తెస్తుంది. ఆ సూక్ష్మజీవికి ఎర్లికియా చఫీన్సిస్ అని పేరు పెట్టారు. మాకు దక్షిణాన, ఫోర్ట్ స్మిత్ పక్కనున్న ఫోర్ట్ చఫీ సైనిక శిబిరంలో జబ్బుపడ్డ ఒక సైనికుడి రక్తంలోంచి దాన్ని వేరు చేశారు, 1991లో. ఆర్కన్సాకి శాస్త్ర గ్రంథాల్లో అలా శాశ్వతంగా పేరొచ్చింది. జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులతో వేసవిలో డాక్టరు దగ్గరికి వెళ్తే పిడుదు మాట మనమే ముందు చెప్పాలి. డాక్సీసైక్లిన్ తొందరగా మొదలుపెడితే తగ్గిపోతుంది.

డిగ్రీలో చేయని ప్రాక్టికల్ ఒకటి ఆగస్టులో మా అబ్బాయితో కలిసి చేశాను. పిడుదుల్ని లెక్కపెట్టేవాళ్లు తెల్లగుడ్డని గడ్డి మీద ఈడ్చి, దానికి ఎన్ని అంటుకున్నాయో చూస్తారు. తెల్లగుడ్డకి మావయ్యగారి పాత పంచె కంటే మంచిది ఏముంటుంది? ప్యాంటు పాదాల్ని మేజోళ్లలోకి దోపుకుని, దారి పక్కన కత్తిరించిన పచ్చిక మీద ఇరవై నిమిషాలు ఈడ్చాం. ఒక్కటీ లేదు. చెట్ల అంచున, ఆయన అడ్డదారి మీద, ఇరవై నిమిషాలు. పెద్దవీ నింఫ్‌లూ కలిపి పదకొండు, పిల్లల గుంపు ఒకటి మిరియాలపొడి చల్లినట్టు. రెండిటి మధ్య దూరం పది అడుగులు. దేశపటం మీద రాష్ట్రాలకి రాష్ట్రాలు రంగు వేసి చూపిస్తారు గానీ, మన కాళ్లకి పనికొచ్చే పటం ఈ పది అడుగులదే. మావయ్యగారు కుర్చీలోంచి చూస్తూ, "పంచె ఉతికి ఇస్తావా, దానికే వదిలేస్తావా?" అన్నారు.

అప్పటి నుంచి మా ఇంట్లో కొన్ని అలవాటయ్యాయి. పచ్చికకీ చెట్లకీ మధ్య మూడడుగుల మేర చెక్కపొట్టు పోశాం. నడకకి వేసుకునే బూట్లకి, ప్యాంట్లకి 0.5 శాతం పెర్మెత్రిన్ స్ప్రే కొట్టి ఆరబెడతాం. అది ఒంటికి పూసుకునేది కాదు, తడిగా ఉన్నప్పుడు పిల్లులకి ప్రమాదం కూడా. బయటి నుంచి రాగానే బట్టలు ఉతక్కముందే డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పుతాను. ఉతికితే చావవు, ఎండితే చస్తాయి. రెండు గంటల్లోపు స్నానం, మోకాళ్ల వెనక, చంకలు, నడుము, చెవుల వెనక, తల చూసుకోవడం. పట్టిందంటే సన్నమూతి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిట్టనిలువునా లాగేయాలి. అగరొత్తులు దేవుడి గదిలోనే.

వంట విషయంలో మటన్ మానడం సులువే. చిక్కంతా కనపడనివాటితో. విటమిన్ క్యాప్సూల్ పైపొర జెలటిన్, అది పశువుల ఎముకల నుంచో, తోలు నుంచో వస్తుంది. మార్ష్‌మాలో, గమ్మీ విటమిన్లు కూడా అంతే. మెక్సికన్ హోటల్లో రాజ్మా పంది కొవ్వుతో ఉడికి ఉండొచ్చు. చికెన్ సాసేజ్ పైపొర పందిపేగు కావచ్చు. మన హోటల్లో చికెన్ బిర్యానీ చెప్పినా మటన్ గరిటె పెట్టారేమో అడగాలి. అడిగితే వింతగా చూస్తారు, చూడనీ. శాకాహారులకి ఏ బాధా లేదనుకోకండి. ఈ జబ్బున్న చాలామందికి పాలు, పెరుగు పడతాయి గానీ కొందరికి అవీ పడవు. మందు క్యాప్సూళ్ల సంగతి ఎవరికైనా ఒకటే. దేవుడి దయవల్ల మావయ్యగారికి పెరుగు పడింది. పెరుగన్నం కూడా లేదంటే ఆయన ఆ రోజే విమానం ఎక్కేసేవారు.

అక్టోబరులో ఆయన నరసరావుపేట వెళ్లిపోయారు. వెళ్లేముందు నాకు పట్టుకున్న భయం వేరు. ఈ పురుగు ఉండేది ఇక్కడ, అలర్జీ ప్రయాణం చేసేది ఆయనతో. అక్కడ ఏ పెళ్లిలోనో మటన్ తిని అర్ధరాత్రి పడిపోతే, ఊళ్లో డాక్టరుగారు తేలుకుట్టిందా, పాము కరిచిందా అని చూస్తారు గానీ అయిదు గంటల కిందటి భోజనం అడుగుతారా? అందుకని ఒక కాగితం రాశాను, ఒకవైపు ఇంగ్లీషులో, ఒకవైపు తెలుగులో. జబ్బు పేరు, రక్తపరీక్ష అంకె, ఏం తినకూడదు, ఒళ్లు దద్దురెక్కి ఊపిరాడకపోతే ముందు ఎపినెఫ్రిన్, తర్వాతే మిగతావి, హెపారిన్ లాంటి పంది నుంచి తీసే మందులు ఇచ్చేముందు ఆలోచించమని. దాన్ని లామినేట్ చేయించి, ఎపిపెన్‌లు రెండూ కలిపి చిన్న సంచిలో పెట్టి ఇచ్చాం. మా మరిదికి వీడియోలో ఎలా పొడవాలో నేర్పించాను. వాడు నారింజపండు మీద ప్రాక్టీసు చేశాడు.

ఆయన వెళ్లిన నెలకి, నవంబరులో, వర్జీనియా వైద్యులు ఒక మరణం గురించి వెల్లడించారు. న్యూజెర్సీలో 47 ఏళ్ల ఆయన 2024లో ఒక బార్బిక్యూలో హాంబర్గర్ తిని, ఆ రాత్రే చనిపోయాడు. అంతకు రెండు వారాల ముందు స్టేక్ తిన్న రాత్రి కూడా తీవ్రంగా కడుపునొప్పి వచ్చిందట. ఆ వేసవిలో చీలమండల చుట్టూ డజను కాట్లు, చిగ్గర్లనుకున్నారు. ఈ జబ్బుతో పోయినట్టు నమోదైన మొదటి మనిషి ఆయనేనని వాళ్లు రాశారు. ఆ వార్త ఇంట్లో ఎవరికీ చదివి వినిపించలేదు. లింకు మా మరిదికి మాత్రం పంపించాను.

కొత్తగా పిడుదులు కుట్టకపోతే కొన్నేళ్లకి ఆ ప్రతిరక్షకాలు తగ్గుతాయి, కొందరు మళ్లీ మాంసం తినగలుగుతారు. మావయ్యగారికి ఈ ఒక్క మాటే బాగా నచ్చింది. ప్రతి ఆదివారం ఫోన్‌లో, "అంకె తగ్గిందేమో చూపించమంటావా అమ్మాయ్?" అంటారు. ఏడాది ఆగమంటున్నాను. మా అత్తగారు మాత్రం, "నలభై ఏళ్లు నేను చెబితే వినలేదు, గోమారి చెబితే విన్నారు" అని సంతోషంగానే ఉన్నారు.

మళ్లీ రావాలని ఉందట ఆయనకి. ఏ నెలలో రమ్మంటావని అడిగారు. పిడుదుల పటానికి నెలలు కూడా ఉంటాయి కదా: ఏప్రిల్ నుంచి జూన్ దాకా పెద్దవి, మే నుంచి ఆగస్టు దాకా నింఫ్‌లు, జూలై నుంచి సెప్టెంబరు దాకా పిల్లలు. చలి ముదిరితే లోన్ స్టార్‌లు ఆకుల కింద ముడుచుకుంటాయి. ఈ నవంబరుకి టికెట్లు తీశాం. ఆయన కొలతకి మందపాటి కోటు, చలికి లోపల వేసుకునే బనీన్లు కొనాలి. చలికి ఎలాగూ పంచె కట్టలేరు.